ఎమిలీ టోపీ: డాబా మీద ఏడు వారాలు

ఏప్రిల్ 11, శనివారం

రాత్రి పది దాటాక గాజువాక నుంచి అక్క కూతురు ఫోన్ చేసింది. పరీక్షలు నడుస్తున్నాయి, అయినా పుస్తకం పక్కన పెట్టి ‘టాయ్ స్టోరీ 2’ మళ్లీ చూసిందట. “పిన్నీ, ఆండీ వాళ్లమ్మే ఎమిలీ. నువ్వు నమ్ముతావా, నమ్మవా? ముందు అది చెప్పు” అని ఒకటే పట్టు.

1999లో వచ్చిన ఆ పిక్సార్ కార్టూన్ సినిమాలో ఆండీ అనే పిల్లాడి బొమ్మలకి ప్రాణం ఉంటుంది. అందులో జెస్సీ అనే కౌగర్ల్ బొమ్మ తన పాత కథ చెప్పుకునే పాట ఒకటి ఉంది. రాండీ న్యూమన్ రాశాడు, సారా మెక్‌లాక్లన్ పాడింది. ఎమిలీ అనే పిల్ల జెస్సీని ప్రాణంగా చూసుకుంటుంది. పెద్దదవుతుంది. గదిలో వస్తువులు మారిపోతాయి, గోళ్ల రంగులొస్తాయి, స్నేహితురాళ్లొస్తారు, జెస్సీ మంచం కిందకి జారిపోతుంది. ఏళ్ల తర్వాత మళ్లీ ఎమిలీ చేతికి దొరుకుతుంది. పాత రోజులు తిరిగొచ్చాయని జెస్సీ పొంగిపోతుంది. ఎమిలీ కారెక్కించుకుని తీసుకెళ్లి, రోడ్డు పక్కన దానానికి పెట్టిన అట్టపెట్టెలో వదిలేసి వెళ్లిపోతుంది. ఈ పాట నేను ఎన్నిసార్లు చూసినా ఆ పెట్టె దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేస్తుంది.

ఆ ఎమిలీయే పెద్దయ్యి ఆండీకి తల్లి అయిందని అభిమానుల వాదన. 2014లో జాన్ నెగ్రోనీ అనే రచయిత దీన్ని వివరంగా రాశాక అందరికీ తెలిసింది. అంతకు ముందు ఏడాది, పిక్సార్ సినిమాలన్నీ ఒకే లోకంలో జరుగుతాయని రాసి పేరు తెచ్చుకున్నది కూడా ఆయనే. వాదన మొత్తం ఒక టోపీ మీద నిలబడింది. ఆండీకి ఇష్టమైన బొమ్మ వూడీ అనే కౌబాయ్. వూడీ టోపీ గోధుమ రంగు. మరి ఆండీ పెట్టుకునే టోపీ ఎర్రగా ఎందుకుంది? అచ్చం జెస్సీ టోపీలా ఉంది, అంచున తెల్ల లేసు ఒక్కటే లేదు. ఆ లేసు ఉండాల్సిన చోట పాత గుర్తు లీలగా కనబడుతుందని అంటారు. చిన్నప్పుడు ఎమిలీ దగ్గరా అలాంటి టోపీయే ఉంది. అంటే అమ్మ టోపీ కొడుక్కి వచ్చిందన్నమాట.

సినిమాలో ఆ తల్లి ఇంటిపేరు తెలుస్తుంది గానీ అసలు పేరు ఎక్కడా చెప్పరు. ఆ ఖాళీలోనే ఈ ఊహంతా మొలిచింది.

ఇరవై ఏళ్లుగా ఇంట్లో బ్లౌజులు కుడుతున్నదాన్ని. ఇంత కథలో నా బుర్ర ఆగింది ఒక్కచోటే. లేసు విప్పేస్తే ఇన్నేళ్ల తర్వాత గుర్తు మిగులుతుందా? మిగిలితే ఎలా ఉంటుంది? ఇది కూర్చుని వాదించుకునే సంగతి కాదు, కుట్టి చూడాలి. సెలవులకి రాగానే మొదలుపెడదామని పిల్లకి మాటిచ్చాను.

ఏప్రిల్ 13

పూర్ణా మార్కెట్‌కి వెళ్లి ఎర్ర ఫెల్ట్ గుడ్డ, అర అంగుళం తెల్ల లేసు తెచ్చాను. నూలు ఫెల్టేనని షాపతను గట్టిగా చెప్పాడు. నాలుగు అంగుళాల ముక్కలు కోసి, సగానికి లేసు కుట్టి, డాబా మీద బట్టల తీగకి క్లిప్పులు పెట్టాను. పెదవాల్తేరులో మా డాబాకి పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం నాలుగు వరకు ఎండ తగ్గదు.

ఏప్రిల్ 21

ఎనిమిది రోజులైనా రంగులో వెంట్రుకవాసి తేడా లేదు. అనుమానమొచ్చి ఒక మూల అగ్గిపుల్ల అంటించాను. నూలైతే కాగితంలా కాలి బూడిద రాలుతుంది. ఉన్నైతే జుట్టు కాలిన కంపు వస్తుంది. ఇది కరిగి, నల్ల పూసలా గట్టిపడింది. పాలిస్టర్. దానికి పట్టించే రంగు దారం లోపలికంటా దిగి ఉంటుంది, ఈ ఎండ దాన్ని అంత తొందరగా ఏమీ చేయలేదు. ఎనిమిది రోజులు పోయాయి.

మళ్లీ మార్కెట్. ఈసారి ముందే ఒక పోగు లాగి కాల్చి చూసి, మందపాటి ఎర్ర నూలు కాన్వాస్ తీసుకున్నాను. ఇంటికొచ్చి బకెట్లో ముంచితే నీళ్లు బీట్‌రూట్ ఉడికించినట్టయ్యాయి. బ్లౌజు గుడ్డైతే తిరిగిచ్చేసేదాన్ని, దీనికి మాత్రం సంతోషమేసింది. వెలిసే రంగే నాకు కావాలి.

ఏప్రిల్ 25

నిన్న పిల్ల బ్యాగు సర్దుకుని దిగింది, వెంట ఆరేళ్ల తమ్ముడు. ఇవాళ పొద్దున్నుంచీ మిషన్ ఆగలేదు.

కొలత తమ్ముడి తలదే తీసుకున్నాం, 52 సెంటీమీటర్లు. ఆండీ కూడా మొదటి సినిమాలో ఇంచుమించు ఆ వయసువాడే. టోపీకి మూడు భాగాలు: పైన కోడిగుడ్డు ఆకారం ముక్క, చుట్టూ గోడ, కింద అంచు. అంచుకి రెండు పొరల మధ్య బక్రం పెట్టాను, లేకపోతే తమలపాకులా వాలిపోతుంది. గోడ నిలబడడానికి చిక్కటి గంజి. అమ్మ అన్నం వార్చిన గంజిని ఇంకాస్త మరగబెట్టి ఇచ్చింది. తడి టోపీని బోర్లించిన స్టీలు గిన్నె మీద లాగి, పైన నడుమ నొక్కు పెట్టి, రెండు వైపులా క్లిప్పులు బిగించి ఫ్యాను కింద ఉంచాం. మూడు గంటలకి అట్టలా బిగుసుకుంది. క్లిప్పులు తీశాక ఆ నొక్కు అలాగే నిలబడితే పిల్ల మొహం చూడాలి.

మొదటి టోపీకి నేనే తొందరపడ్డాను. గంజి తడి ఆరకుండా లేసు కుట్టేసరికి ఎరుపు ఎక్కి లేసు గులాబీ రంగుకి తిరిగింది. విప్పేసి, కొత్త లేసు తెచ్చి, మిగతావన్నీ పూర్తిగా ఆరాకే కుట్టాను. అంచు చుట్టూ చేత్తో, పావు అంగుళానికొక కుట్టు. మిషన్ మీదైతే పది నిమిషాల పని. కానీ జెస్సీ టోపీ అంచు చేత్తో అల్లినట్టే కనబడుతుంది, అందుకని పిల్ల ఒప్పుకోలేదు. తనే కూర్చుని రెండు టోపీలకి కుట్టింది. వేళ్లకి సూది గుచ్చుకున్నా లేవలేదు.

ఏప్రిల్ 26, ఆదివారం

ఇవాళ్టి నుంచి లెక్క. ఒక టోపీ డాబా మీద, బోర్లించిన కుండ మీద పెట్టి గడ్డం కింద తాడు కట్టినట్టు కట్టేశాం, సముద్రపు గాలికి ఎగిరిపోకుండా. రెండోది వంటగది పక్కన కిటికీ అద్దం వెనక. మూడోది నల్లగుడ్డలో చుట్టి బీరువాలో.

అమ్మ డాబా ఎక్కి చూసి “ఏటే ఇది, ఇంటికి దిష్టిబొమ్మా?” అంది. సంగతి మొత్తం చెప్పాం. శ్రద్ధగా విని, “అయితే ఆ తల్లి బొమ్మని పారేసిందా, దానం చేసిందా?” అని అడిగింది. దానమే అన్నాం. “అయితే మర్చిపోదు” అంది. ఎందుకలా అన్నదో అడిగేలోపు కిందకి దిగిపోయింది.

మే 3

ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసి వెలుతురు కొలిచాం. మిట్టమధ్యాహ్నం డాబా మీద లక్ష లక్స్‌కి దగ్గర చూపించింది. పొద్దున, సాయంత్రం కలిపి సగటు వేస్తే 50,000. హాల్లో పగటి పూట 250. అంటే డాబా మీద ఒక గంట, గదిలో 200 గంటలకి సమానం. ఈ లెక్క దొరికినందుకు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. గుడ్డ వెలియడానికి కారణం మీద పడ్డ మొత్తం వెలుతురే అయితే, డాబా మీద ఒక రోజు గదిలో 200 రోజులవుతుంది. 45 రోజులుంచితే 9,000 రోజులు, అంటే 24 ఏళ్ల పైనే.

ఇది మోటు లెక్కేనని నాకు తెలుసు. బయటి ఎండలో అతినీలలోహిత కిరణాలు ఎక్కువ, కిటికీ అద్దం వాటిలో కొంత ఆపేస్తుంది. వేడి వేరు, మా ఊరి ఉప్పుగాలి వేరు. అయినా చేతిలో ఒక అంకె ఉండడం వేరు.

ఎరుపే ఎందుకు తొందరగా పోతుందని పిల్ల అడిగింది. గుడ్డ ఎర్రగా కనబడుతోందంటే నీలం, ఆకుపచ్చ కాంతిని అది మింగేస్తోందని అర్థం. ఆ కాంతికి బలం ఎక్కువ. మింగినకొద్దీ రంగు అణువులు విరుగుతాయి. షాపు బోర్డుల మీద ఎర్ర అక్షరాలు వెలిసిపోయి నీలం మాత్రం మిగలడం బీచ్ రోడ్డు పొడవునా చూస్తూనే ఉంటాం.

మే 9

సాయంత్రం ఒక్కసారిగా గాలివాన. ఇద్దరం పరిగెత్తే లోపే టోపీ సగం తడిసి ఒక వైపు కూలబడింది. గంజి పోయింది. మళ్లీ గిన్నె మీద ఎక్కించి గంజి పెట్టాలంటే లేసు తడుస్తుంది, అందుకని పైభాగానికే దూదితో అద్దాను. వానల వల్ల మొత్తం నాలుగు రోజులు లోపలే ఉంచాల్సొచ్చింది.

మే 16

టోపీకి ఇప్పట్లో మా పని లేదు. అందుకని ఎమిలీ వయసు లెక్క కట్టాం.

సినిమాలో వూడీ, జెస్సీ ఒక పాత టీవీ కీలుబొమ్మల కార్యక్రమం తాలూకు బొమ్మలు. స్పుత్నిక్ ఎగరగానే పిల్లలందరూ అంతరిక్షం బొమ్మల వైపు మళ్లారని, దాంతో ఆ కార్యక్రమం ఆగిపోయిందని అందులోనే చెబుతారు. స్పుత్నిక్ 1957 అక్టోబరు 4న ఎగిరింది. అప్పటికి ఎమిలీకి ఐదేళ్లనుకుంటే 1952లో పుట్టింది. మొదటి సినిమా వచ్చింది 1995లో. అప్పటికి ఆమెకి 43. ఆండీ చిన్నవాడు, చెల్లెలు మోలీ చంకలో బిడ్డ. కష్టమే గానీ జరగరానిది కాదు. జెస్సీ పాత సరుకుగానో, ఎవరి దగ్గరి నుంచో ఎమిలీకి వచ్చిందనుకుంటే వయసు ఇంకా తగ్గుతుంది. ముడి బిగుతుగా ఉంది, తెగలేదు.

ఇంకో మంచి ఆధారం పిల్లే పట్టుకుంది. రెండో సినిమాలో ఇంటి ముందు పాత సామాన్ల అమ్మకం పెట్టినప్పుడు బొమ్మల షాపు యజమాని అల్ వచ్చి వూడీని కొంటానంటాడు. ఆండీ తల్లి అది తమ ఇంటి పాత బొమ్మ అని చెప్పి ఇవ్వనంటుంది. అంటే ఆ ఇంటికి ఈ బొమ్మలతో ఆండీ కంటే ముందునుంచే సంబంధం ఉంది. ఇదే మాట పట్టుకుని వూడీ ఆండీ తండ్రిదని ఇంకో కథ 2017లో బాగా తిరిగింది. పిక్సార్ రచయిత ఆండ్రూ స్టాంటన్ దాన్ని శుద్ధ అబద్ధమని కొట్టిపారేశాడు. అందుకే ఆ దారిలోకి మేం వెళ్లలేదు.

ఎదురు ఆధారాలు కూడా రాసుకున్నాం, లేకపోతే ఈ పనికి అర్థం లేదు. ఆండీ టోపీ 1995 నాటిది, జెస్సీ పాత్ర వచ్చింది 1999లో. కాబట్టి మొదటి టోపీ గీసినవాళ్లకి ఎమిలీ కథ తెలిసే వీల్లేదు. పిల్ల దీనికి ఒప్పుకోదు. “రెండో సినిమా తీసేటప్పుడు మొదటి టోపీ వాళ్ల కళ్ల ముందే ఉంది కదా, దాన్ని చూసే జెస్సీకి పెట్టి ఉండొచ్చు” అంటుంది. బాగానే చెప్పింది. నాకు దీనికంటే బరువైనది ఇంకోటి తోచింది. 1950ల్లో అమెరికా పిల్లలకి కౌబాయ్ ఆటల పిచ్చి. తెల్లటి తాడు అల్లిన అంచుతో ఎర్ర ఫెల్ట్ టోపీలు అప్పుడు వీధికి పది ఉండేవి. మన దగ్గర సంక్రాంతికి గాలిపటంలాగ. అలాంటిది రెండిళ్లలో కనబడితే రెండిళ్లూ ఒకటే అనగలమా?

మే 24, ఆదివారం

ఈ రోజుది వివరంగా రాయాలి.

ఈ వాదన నమ్మనివాళ్లు అడిగేది ఒక్కటే. రెండో సినిమా చివర జెస్సీ ఆండీ గదిలోకి వస్తుంది. ఆ కొత్త బొమ్మల్ని తన అమ్మే కొనిందనుకుని ఆండీ ఆమెకి థాంక్స్ చెబుతాడు. ఆ తల్లే ఎమిలీ అయితే జెస్సీని చూసి ఒక్క క్షణమైనా ఆగదా? నేనూ ఇన్నాళ్లూ ఇక్కడే ఆగిపోయేదాన్ని.

పోయిన వారం అటక మీద వెతుకుతుంటే అక్క చిన్నప్పటి ఏటికొప్పాక బొమ్మ దొరికింది. జానెడు పెళ్లికూతురు బొమ్మ. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ రంగు లక్క ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఆ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. మా బొమ్మ దానికి చాలా ముందుది. పసుపు చీర, ఎర్ర అంచు. అడుగున ఒక చోట లక్క పెచ్చు లేచి కర్ర బయటపడింది.

అక్క ఇవాళ భోజనానికి వస్తుందని పిల్ల ఆ బొమ్మని హాల్లో టీపాయ్ మీద, టీవీ రిమోట్ పక్కన, ఏమీ ఎరగనట్టు పెట్టింది. నన్ను నోరెత్తొద్దంది. అక్క వచ్చింది. క్యారేజీ పెట్టడానికి చోటు కోసం బొమ్మని ఎడం చేత్తో పక్కకి జరిపింది. చూడనైనా చూడలేదు. గంట సేపు దాని ఎదురుగా కూర్చుని చింతపల్లి టూరు గురించి, తమ్ముడి స్కూలు ఫీజు గురించి మాట్లాడింది. పిల్ల నా వైపు చూస్తూనే ఉంది. కళ్లలో నీళ్లు తిరగడం ఒక్కటే తక్కువ.

బయల్దేరేటప్పుడు క్యారేజీ తీసుకుంటూ, బొమ్మ దొర్లబోతే చేత్తో పట్టుకుంది. నిలబెట్టబోయి ఆగింది. బొటనవేలు తనంతట తనే కిందకి వెళ్లి ఆ పెచ్చు లేచిన చోట ఆనింది. అక్కడ మూడు నాలుగుసార్లు రాసింది. కళ్లు ఇంకా గుమ్మం వైపే ఉన్నాయి. తర్వాత తల దించి చూసింది.

“ఇది నాదే కదే” అంది. చెప్పులు వేసుకున్న కాళ్లతోనే మళ్లీ కూర్చుండిపోయింది.

కంటికి గుర్తు రానిది వేలికి గుర్తొచ్చింది. అక్క వెళ్లాక పిల్లా నేనూ సినిమాలు మళ్లీ పెట్టుకుని ఆ తల్లి కనబడే సీన్లన్నీ చూశాం. మూడో సినిమా మొదట్లో ఆండీ ఆడుకుంటుంటే ఆమె వీడియో తీస్తుంది. కెమెరాలోంచి చూస్తుంది. జెస్సీని ఆమె చేతిలోకి తీసుకున్న సీను మాత్రం మేం చూసినంతలో ఒక్కటీ దొరకలేదు. ‘చూసి గుర్తుపట్టలేదు కాబట్టి ఎమిలీ కాదు’ అనే మాటని ఇంక నేను ఒప్పుకోను.

మే 28

రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ అంటారే, అదే. మధ్యాహ్నం టోపీ అంచు ముట్టుకుంటే చెయ్యి కాలింది. దూరం నుంచి చూసినా తేడా తెలుస్తోంది. లేసు ఎత్తి చూద్దామని తమ్ముడు రోజూ అడుగుతున్నాడు. వద్దన్నాం.

జూన్ 11

రేపటి నుంచి పిల్లలకి బడి. ఆదివారం పొద్దున్నే వస్తామని ఒట్టు వేయించుకుని మరీ వెళ్లారు.

జూన్ 14, ఆదివారం

49 రోజులు, వాన పోగా 45.

ముందు మూడు టోపీలూ నేల మీద పక్కపక్కన పెట్టాం. బీరువాది కొన్ననాటి కుంకుమ ఎరుపు. కిటికీది పక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలియనంత. డాబాది వెలిసిన గావంచాలా, ఎరుపూ గులాబీ కాని రంగు.

కుట్లు విప్పింది పిల్లే. చిన్న కత్తెర మొనతో ఒక్కో దారం తెంపి, లేసుని మెల్లగా లాగింది. అంచు చుట్టూ అర అంగుళం వెడల్పున కుంకుమ ఎరుపు చార బయటపడింది, ఇవాళే అద్దినంత కొత్తగా. చారకి రెండు వైపులా పావు అంగుళానికొక సూది బెజ్జం. బెజ్జం చుట్టూ దారం ఒత్తిడికి గుడ్డ కాస్త లోపలికి నొక్కుకుపోయి ఉంది. వేలితో రాసినా, తడి చేసి ఆరబెట్టినా బెజ్జాలు మూసుకోలేదు.

కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు వచ్చింది. లేసు విప్పేసినా గుర్తు ఉంటుంది. పాతికేళ్ల గది వెలుతురంత ఎండ తిన్నాక కూడా ఉంటుంది. అయితే ఒక తిరకాసు. ఎండకి వెలిసిన టోపీలో లేసు చోటు ముదురుగా మిగులుతుంది, లేతగా కాదు. లేత గుర్తు ఎప్పుడు వస్తుందో కిటికీ టోపీ చూపించింది. దాని లేసు ఒక అంగుళం మేర ఎత్తి చూస్తే కింద శుభ్రంగా ఉంది, చుట్టూ వంటింటి జిడ్డు దుమ్ము పట్టి మబ్బుగా ఉంది. ఎండలో తిరిగిన టోపీకి ముదురు చార, ఇంట్లో దుమ్ము పట్టిన టోపీకి లేత చార. ఎమిలీ టోపీ ఏళ్ల తరబడి గదిలోనే ఉండి ఉంటే లేత చారే సబబు. లీలగా కనబడే గుర్తు అంటున్నారంటే నాకు అది ఇంట్లో దాచిన టోపీలాగే అనిపిస్తోంది.

టోపీ ఎవరిదో మాత్రం గుడ్డ చెప్పదు. పిల్ల ఇప్పటికీ నూటికి నూరు ఎమిలీదే అంటుంది. నేను డెబ్బై అన్నాను. ఏప్రిల్లో అయితే నలభై కూడా అనేదాన్ని కాదు. ఆ పెరిగిన ముప్పైలో ఎక్కువ భాగం టోపీ వల్ల కాదు, అక్క బొటనవేలి వల్ల.

అమ్మని ఆ రోజు ఎందుకలా అన్నావని ఇవాళ అడిగాను. “పారేసినదాన్ని చూడక్కర్లేదు. ఇచ్చినదైతే ఎక్కడుందో, ఎలా ఉందో అని ఉంటాది” అంది, వంకాయలు కోస్తూ.

డాబా టోపీని తమ్ముడు నెత్తిన పెట్టుకుని వదల్లేదు. లేసు మళ్లీ కుట్టమంటావా అంటే వద్దన్నాడు. అలాగే గాజువాక తీసుకెళ్లిపోయాడు. బీరువా టోపీ పిల్లది. కిటికీ టోపీకి లోపలి వైపు చిన్న గుడ్డ ముక్క కుట్టి, దాని మీద ఏప్రిల్ 26 అని రాసి మళ్లీ అద్దం వెనక పెట్టాం. దాని లేసు సంక్రాంతికి విప్పుతాం.